కోత పండుగ లెక్క అడిగితే గ్రూపులోంచి తీసేశారు. చర్చి వదలకుండా దాని పద్ధతి మార్చుకునే దారి ఏదైనా ఉందా?

తోతాపురి_చిత్తూరు
మా చర్చి చిత్తూరు టౌన్‌లోనే. పేరు రాయను, రాస్తే సాయంత్రానికల్లా మా మామకు ఫోన్ వెళ్తుంది. తాత కాలం నుంచి అక్కడే సభ్యులం. నాన్న పెళ్లి, నా కన్ఫర్మేషన్, మా పాప బాప్తిస్మం అన్నీ ఆ నాలుగు గోడల మధ్యే జరిగాయి.

విషయం కోత పండుగ వేలం, అంటే సభ్యులు తెచ్చిన కానుకలను చర్చి కోసం పాట పెట్టడం. ఎప్పటిలాగే గుమ్మడికాయలు, అరటిగెలలు, నాటుకోళ్లు, ఒక మేకపోతు, ఆడవాళ్లు కుట్టిన దిండు గలీబులు. ఒక గుమ్మడికాయ 1,800కి నేనే పాడుకున్నాను. సంతలో అరవై రూపాయలది, మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతోంది. మా తమ్ముడు ఊరికే పొద్దుపోక పాటలన్నీ నోట్‌బుక్‌లో రాసుకుంటూ కూర్చున్నాడు. కూడితే 1,12,000 వచ్చింది. మరుసటి నెల ప్రకటనల్లో కోత పండుగ రాబడి 71,000 అని చదివారు.

సంఘం వాట్సాప్ గ్రూపులో మర్యాదగానే అడిగాను. కొందరు పాట డబ్బు ఇంకా కట్టలేదన్నారు. సరే, ఆ లిస్టు పెట్టండి అన్నాను. పది నిమిషాల్లో నన్ను తీసేశారు. ఆ ఆదివారం ప్రసంగం బైబిల్లో మోషే మీద కోరహు చేసిన తిరుగుబాటు మీద! నేల నోరు తెరిచి అతన్ని మింగేసిందని చెబుతున్నప్పుడు అయ్యగారు, అంటే మా పాస్టరు, మా బెంచీ వైపే చూస్తున్నారు.

వదిలి వెళ్లాలని లేదు. అలాగని నోరు మూసుకుని కూర్చోలేను. మీలో ఎవరైనా లోపల ఉండి ఏదైనా సాధించారా?

కొండకింద_కుర్రాడు
గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే. ఈ సామెతకు నిజంగా గుమ్మడికాయ ఉన్న కేసు ఇప్పుడే చూస్తున్నా.

నీవా_ఒడ్డున
కోరహు ప్రసంగం మా దగ్గరా ఉంది. ఎవరు లెక్క అడిగినా సంఖ్యాకాండం 16. అదే అధ్యాయం 15వ వచనం మాత్రం చదవరు. వాళ్ల దగ్గర ఒక్క గాడిదనైనా నేను తీసుకోలేదని మోషే అక్కడ చెప్పుకుంటాడు. అంటే లెక్క చెప్పినట్టే కదా. నిర్గమకాండం 38లో గుడారానికి బంగారం ఎంత, వెండి ఎంత, ఇత్తడి ఎంత పట్టిందో తూకంతో సహా రాసిపెట్టారు. లెక్క అడగడం తిరుగుబాటైతే ఆ అధ్యాయం ఎందుకున్నట్టో.

లెక్కల_మాస్టారు
నేను పక్క తాలూకాలో ఒక పాస్టరేట్‌కు (ఒక పాస్టరు కింద ఉండే సంఘానికి) కోశాధికారిగా తొమ్మిదేళ్లు చేశాను. తమ్ముడూ, కోపం పక్కనపెట్టి ఈ ప్రశ్నలకు జవాబు చెప్పు.

సభ్యుల రిజిస్టర్‌లో నీ పేరు ఉందా? ఉందనుకోవడం వేరు, కళ్లతో చూడటం వేరు. చాలా సంఘాల్లో చందా బాకీ ఉన్నవాళ్లకు జనరల్ బాడీలో ఓటు ఉండదు. ఎన్నికల ముందు లిస్టు గోడకు అంటిస్తారు, మనం బిర్యానీ పొట్లం తీసుకుని దాని ముందు నుంచే వెళ్లిపోతాం.

మీ డినామినేషన్ (మీ చర్చి ఏ శాఖకు చెందితే ఆ శాఖ) నిబంధనావళి నీ దగ్గర ఉందా? ఆఫీసులో అడిగితే స్టాక్ లేదంటారు, పాత కమిటీ మెంబర్ల ఇంట్లో దొరుకుతుంది. అందులో ఆడిట్ ఎవరు చేయాలి, లెక్కలు ఎప్పుడు ఎవరి ముందు పెట్టాలి, ప్రత్యేక సమావేశం కోసం ఎంతమంది సంతకాలు కావాలి అని ఉంటుంది. ఆ మూడు పేజీలు ఫొటో తీసి పెట్టుకో.

ఇక వాట్సాప్‌లో అడగడం అడగడమే కాదు. రాతపూర్వకంగా కార్యదర్శికి ఇచ్చి, రెండో కాపీ మీద తేదీతో సంతకం తీసుకోవాలి. సంతకం పెట్టనంటే స్పీడ్ పోస్టు. నేను కోశాధికారిగా ఉన్న తొమ్మిదేళ్లలో కాగితం మీద లెక్క అడిగినవాళ్లు ఇద్దరంటే ఇద్దరు. టీ దగ్గర అడిగినవాళ్లు రెండు వందల మంది.

పలమనేరు_పాలు
మాస్టారూ, ఆ ఇద్దరికీ లెక్క చూపించారా మరి?

లెక్కల_మాస్టారు
ఒకాయనకు చూపించాను. రెండో ఆయన బామ్మర్ది కార్యదర్శి, ఆయనకు ఇంట్లోనే చూపించారు.

కోడూరు_బొప్పాయి
ఎందుకింత శ్రమ? నేను 2019లో బయటికొచ్చేశాను. కమిటీ గొడవలు, గ్రూపులు, ఎన్నికలప్పుడు కార్లు, కవర్లు, అబ్బో. ఇప్పుడు మా దగ్గర షెడ్డులో సంఘం. ఆరాధన బాగుంటుంది, మనసు ప్రశాంతంగా ఉంటుంది. చచ్చిన చెట్టుకు నీళ్లు పోయడం మానేయండి.

పుత్తూరు_కట్టు
బొప్పాయి అన్నా, మీ షెడ్డు ఎవరి పేరున ఉంది? కానుక ఎవరు లెక్కపెడతారు?

కోడూరు_బొప్పాయి
పాస్టరుగారి భార్య పేరున. లెక్కపెట్టేది వాళ్ల పెద్దబ్బాయి. అయితే ఏమిటి, నమ్మకం ఉంది కదా.

పుత్తూరు_కట్టు
ఏమీ లేదన్నా, ఊరికే అడిగా.

నీవా_ఒడ్డున
😂

అయ్యగారి_కూతురు
నేను కొంచెం అవతలి వైపు నుంచి రాస్తాను, తిట్టుకోకండి.

మా నాన్న ముప్పై ఏళ్లు పాస్టరు. ఏడు ఊళ్లు మారాం. ప్రతి పాస్టరేట్ ఏటా డయాసిస్‌కు, అంటే పైన బిషప్ ఆఫీసుకు, ఇంత కట్టాలని అసెస్‌మెంట్ వేస్తారు. అది కట్టకపోతే కమిటీని కాదు, అయ్యగారిని పిలిచి అడుగుతారు. కమిటీకి ఎదురు చెబితే ట్రాన్స్‌ఫర్, చెప్పకపోతే మీలాంటివాళ్ల దగ్గర చెడ్డపేరు. ఒక ఊళ్లో నాన్న కానుక లెక్కపెట్టేటప్పుడు ముగ్గురు ఉండాలని రూలు పెట్టారు. ఆరు నెలల్లో మాకు బదిలీ ఆర్డరు వచ్చింది. నేను పదో తరగతి మధ్యలో స్కూలు మారాను. ఆ రూలు మాత్రం ఆ చర్చిలో ఇప్పటికీ ఉందట. దాన్ని పెట్టింది ఎవరో అక్కడ ఎవరికీ గుర్తులేదు.

కోరహు ప్రసంగం తప్పే, దాన్ని సమర్థించను. కానీ ఆ ప్రసంగం చెప్పమని ఆయనకు ఎవరు చెప్పారో కూడా ఆలోచించండి. ముందు ఆయన దగ్గరికి ఒంటరిగా వెళ్లి మాట్లాడారా? మత్తయి 18 వరస అదే కదా: ముందు ఒక్కడివే, తర్వాత ఒకరిద్దరితో, చివరికి సంఘం ముందు. మీరు మొదటే గ్రూపులో మూడు వందల మంది ముందు అడిగారు.

తోతాపురి_చిత్తూరు
అక్కా, అది నిజమే. వెళ్లలేదు. కోపంలో అడిగేశాను.

కొండకింద_కుర్రాడు
ఒప్పుకోనక్కా. మత్తయి 18 ఒకరు నీ విషయంలో తప్పు చేస్తే సంగతి. సంఘం డబ్బు అందరి విషయం. పేతురు అంతియొకయలో తేడాగా నడుచుకుంటే పౌలు చాటుకు పిలిచి చెప్పలేదు, అందరి ముందే నిలదీశాడు. గలతీయులు 2.

అయ్యగారి_కూతురు
పౌలుకు వాట్సాప్ అడ్మిన్‌తో పనిలేదు తమ్ముడూ. 1 తిమోతి 5:19 కూడా ఆయనదే. పెద్ద మీద ఫిర్యాదుకు ఇద్దరు ముగ్గురు సాక్షులు కావాలని ఉంది. తోతాపురి గారి తమ్ముడి నోట్‌బుక్ ఒకటే సాక్ష్యం ఇక్కడ.

రూతు_అత్తయ్య
ఎవరూ అపొస్తలుల కార్యములు 6 ఎత్తలేదేం? వడ్డనలో మా విధవరాండ్రకు అన్యాయం జరుగుతోందని గ్రీకు మాట్లాడే వాళ్లు సణిగారు. అపొస్తలులు వాళ్లను వెలివేయలేదు, కోరహు అనలేదు. నమ్మకస్థుల్ని ఏడుగురిని మీరే ఎన్నుకోండి అన్నారు. ఆ ఏడుగురి పేర్లూ చూస్తే గ్రీకు పేర్లే. సణిగినవాళ్లకే గరిటె ఇచ్చారన్నమాట.

మా స్త్రీల సమాజంలో గరిటె మాదే, లెక్క మాత్రం మగవాళ్లది. కోత పండుగకు పదిహేను మందిమి రాత్రి రెండింటి వరకు పులిహోర కలిపాం. కమిటీలో మాకున్న సీట్లు రెండు. అందులో ఒకటి కార్యదర్శిగారి భార్యకు, రెండోది ఆవిడ చెల్లెలికి. మూడేళ్ల కిందట మేమే ఒక చిన్న పని మొదలుపెట్టాం. మా సమాజం లెక్క, మా వరకే, ప్రతి నెలా చార్టు మీద రాసి వంటగది తలుపుకు అంటించాం. కందిపప్పు ఎంత, గ్యాస్ ఎంత, మిగిలింది ఎంత. ఎవరినీ ఏమీ అడగలేదు. రెండో ఏడాదికి మగవాళ్లే "మనదీ అంటించరాదా" అని కమిటీని అడగడం మొదలుపెట్టారు.

లెక్కల_మాస్టారు
అత్తయ్యగారూ, ఇది నాకు తొమ్మిదేళ్లలో తట్టలేదు.

మదనపల్లె_చలి
ఆడవాళ్ల మాట వచ్చింది కాబట్టి. సీఎస్‌ఐలో (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా, దక్షిణ ఇండియా ఐక్య సంఘం) ఆడవాళ్లకు పాస్టర్లుగా గురుత్వ అభిషేకం 1970లలోనే మొదలైంది. మొదటి మహిళా బిషప్ మాత్రం 2013లో. ఎక్కడో ఢిల్లీలో కాదు, మన నంద్యాలలో, ఇ. పుష్పలలితగారు. తలుపు తెరవడానికీ లోపలి గదిలో కూర్చోవడానికీ మధ్య అంత కాలం పట్టింది. లోపల ఉండి మార్చాలనుకునేవాళ్లు ఈ లెక్క మనసులో పెట్టుకోవాలి.

ఇంకోటి. 1947 సెప్టెంబరు 27న సీఎస్‌ఐ ఏర్పడింది. వేర్వేరు సంఘాలను ఒకటి చేసే ఆ ఐక్యత మాటలు 1919లో తమిళనాడులోని తరంగంబాడిలో మొదలయ్యాయి, అంటే 28 ఏళ్లు. మొదటి నుంచీ దానికోసం తిరిగిన దోర్నకల్ బిషప్ అజరయ్యగారు 1945లోనే పోయారు. చూడలేదు ఆయన.

పలమనేరు_పాలు
28 ఏళ్లా? అప్పటికి ఆ మేకపోతు మనవళ్లను కూడా వేలం వేసేస్తారు.

కోడూరు_బొప్పాయి
చదువుకున్నవాళ్లంతా లోపలే ఉండండి అంటున్నారు. ప్రొటెస్టెంటు ఉద్యమం మొదలుపెట్టిన లూథర్ బయటికి రాలేదా?

మదనపల్లె_చలి
రాలేదు, పంపించారు. 1517 అక్టోబరు 31న ఆ 95 అంశాలు పెట్టినప్పుడు ఆయన అడిగింది చర్చ. కొత్త సంఘం కాదు. 1521 జనవరి 3న పోపు ఆయన్ను వెలివేశాడు.

కొండకింద_కుర్రాడు
అంటే లూథర్‌నీ గ్రూపులోంచి తీసేశారు. తోతాపురి బ్రదర్, మీరు మంచి కంపెనీలోనే ఉన్నారు.

మదనపల్లె_చలి
మెథడిస్టు ఉద్యమానికి మూలపురుషుడు వెస్లీ అయితే 1791లో చనిపోయేదాకా ఆంగ్లికన్ (ఇంగ్లండు చర్చి) గురువుగానే ఉన్నాడు. పల్పిట్ ఇవ్వకపోతే పొలాల్లో ప్రసంగించాడు తప్ప రాజీనామా చేయలేదు.

కోడూరు_బొప్పాయి
ఆయన ఉన్నాడు, సరే. ఆయన మనుషులు తర్వాత విడిపోయారు కదా. మరి మెథడిస్టులు ఎట్లా వచ్చారు? అది కూడా చెప్పండి సార్.

మదనపల్లె_చలి
చెప్పాల్సిందే, ఆ పాయింట్ మీదే.

ఈసీ_తీయించావా
నేను డాక్యుమెంట్ రైటర్ని. మీరంతా గుమ్మడికాయ దగ్గర ఆగిపోయారు. నేను చూసే గొడవలు స్థలాల దగ్గర మొదలవుతాయి. రోడ్డు వైపు కాంపౌండ్‌లో షాపులు కట్టి లీజుకిస్తారు, అడ్వాన్సు ఎంతో ఎవరికీ తెలియదు.

చేతిలో సర్వే నంబరు ఉంటే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయండి. ఎవరి అనుమతీ అక్కర్లేదు. అమ్మకం, రిజిస్టరైన లీజు ఏదైనా ఉంటే అందులో పడుతుంది. మీభూమి వెబ్‌సైట్‌లో అడంగల్, 1-బీ అనే భూమి రికార్డులు కూడా చూసుకోండి. ఆస్తి ఎవరి పేరున ఉందో ముందు తెలుసుకోండి. సీఎస్‌ఐ ఆస్తులైతే సీఎస్‌ఐ ట్రస్ట్ అసోసియేషన్ అనే కంపెనీ పేరున ఉంటాయి, ఊళ్లో కమిటీ పేరున కాదు. కంపెనీ కాబట్టి అది దాఖలు చేసే కాగితాలు కేంద్రం కంపెనీల వెబ్‌సైట్‌లో ఫీజు కట్టి చూడొచ్చు. సొసైటీగా రిజిస్టరైన సంఘాలైతే జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసు. చర్చికి సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టలేరు, రిజిస్ట్రార్ ఆఫీసుకు పెట్టొచ్చు, అది ప్రభుత్వ ఆఫీసే కదా. పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల గడువు.

తిరుపతి వాళ్లకు ఒక మాట. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి కదా, పాత ఫైలు ఏ ఊళ్లో ఉందో కనుక్కున్నాకే బస్సెక్కండి.

పుత్తూరు_కట్టు
ఇంతదూరం వెళ్తే కోర్టే కదా చివరికి?

ఈసీ_తీయించావా
ఏపీ సొసైటీల చట్టం 2001లో 23వ సెక్షన్ ఉంది. సభ్యుడు ఆర్బిట్రేషన్‌కు వెళ్లొచ్చు, లేదా జిల్లా కోర్టులో దరఖాస్తు వేయొచ్చు. సభ్యుడు అన్నారు చూడండి. మళ్లీ మాస్టారు చెప్పిన రిజిస్టర్ దగ్గరికే వచ్చాం.

లెక్కల_మాస్టారు
కోర్టు మంచిది కాదని నేను అనను. కానీ చివరి బస్సు అది. విశ్వాసులు ఒకరి మీద ఒకరు కోర్టుకెళ్లొద్దనే 1 కొరింథీయులు 6 సంగతి అలా ఉంచండి, మామూలు లెక్క చూసినా సరే. కేరళలో మలంకర సంఘంలో రెండు వర్గాల గొడవ తరాల తరబడి నడిచింది. 2017లో సుప్రీంకోర్టు ఆ సంఘం 1934 నిబంధనావళే చెల్లుతుందని తీర్పు ఇచ్చాక కూడా కొన్ని చర్చిల దగ్గర పోలీసులు కాపలా కాయాల్సి వచ్చింది. కేసు గెలిచినవాళ్లు, ఓడినవాళ్లు ఒకే శ్మశానం కోసం కొట్లాడుకున్నారు.

కొండకింద_కుర్రాడు
అయితే ఎప్పుడూ కోర్టుకెళ్లొద్దా మాస్టారూ? స్థలం అమ్మేశాక లెటర్ రాస్తూ కూర్చుంటే కొన్నవాడు అపార్ట్‌మెంట్ కట్టేస్తాడు.

లెక్కల_మాస్టారు
స్థలం అమ్ముతుంటే పరుగెత్తి స్టే తెచ్చుకో, నేనూ వస్తా. గుమ్మడికాయకు వద్దు.

పేరు_వద్దు
చాలాసేపు చదివి రాస్తున్నా. సంతకాలు, రిజిస్టర్, రాతపూర్వకం అని అందరూ ఈజీగా అంటున్నారు. మా వాడలో సగం మంది ఎందుకు సంతకం పెట్టరో తెలుసా? ఎస్సీల మీద రాష్ట్రపతి ఇచ్చిన 1950 ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైతే ఎస్సీ హోదా లేదు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఇచ్చారు, మనకు ఇవ్వలేదు. క్రైస్తవులైన ఎస్సీలకు ఇక్కడ బీసీ-సీ. పిల్లల సర్టిఫికెట్లు ఒకటి, ఆదివారం కూర్చునే బెంచీ ఒకటి. చర్చి పేరు మీద ఏ కాగితంలోనూ కనపడకూడదని మా నాన్న జీవితమంతా జాగ్రత్తపడ్డాడు. ఈ సంగతి కమిటీలకు బాగా తెలుసు. ఎవరైనా గట్టిగా అడిగితే "నీ సర్టిఫికెట్ ఏమిటి" అని ఒక్కమాట అంటారు, అంతే.

ఇక బీసీ-సీ రాయించుకున్నవాళ్లలోనూ ఏ ఇంటిపేరువాళ్లు కార్యదర్శి అవుతారు, ఏ వాడవాళ్లు కుర్చీలు మోస్తారు అన్నది మీకూ తెలుసు. సంస్కరణ అంటే నాకు గుర్తొచ్చేది అది, వేలం లెక్కలో తేడా వచ్చిన 41,000 కాదు.

రూతు_అత్తయ్య
నాయనా, మా చర్చిలో రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ప్రభువు బల్ల దగ్గరికి రెండు వరసల్లో వెళ్లేవాళ్లం. ఏ వరస ఎవరిదో బోర్డు ఉండదు, అందరికీ తెలుసు. మా అమ్మ చనిపోయిన ఏడాది నేను వరస మారి నిలబడ్డాను. ఎవరూ ఏమీ అనలేదు. నా వెనక మాత్రం ఖాళీ వదిలి నిలబడ్డారు. నాలుగైదు వారాలు ఆ ఖాళీ అలాగే ఉంది.

నీవా_ఒడ్డున
తర్వాత?

రూతు_అత్తయ్య
తర్వాత ఒక చిన్నపిల్ల వచ్చి నా కొంగు పట్టుకుని నిలబడింది. వాళ్లమ్మకు దాని వెనకే రాక తప్పలేదు.

అయ్యగారి_కూతురు
పేరు_వద్దు గారూ, మీరు చెప్పినదానికి నా దగ్గర జవాబు లేదు. మా నాన్నకు ఎప్పుడూ టౌన్ చర్చి ఎందుకు రాలేదో కూడా దానిలోనే ఉంది.

పలమనేరు_పాలు
తోతాపురి అన్న మాయమైపోయారు. నేల మింగేసిందేమో చూడండి ఎవరైనా.

తోతాపురి_చిత్తూరు
మింగలేదు. ఐదు వారాలైంది, ఏం జరిగిందో రాస్తా.

ముందు అయ్యగారింటికి ఒక్కడినే వెళ్లాను. అక్క చెప్పింది నిజం, ఆ ప్రసంగం ఆయన సొంత ఆలోచన కాదు. ఎవరు చెప్పించారో ఆయన చెప్పలేదు, నేనూ గుచ్చిగుచ్చి అడగలేదు. కాఫీ ఇచ్చారు. వచ్చేటప్పుడు, రిజిస్టర్ చూశావా అని ఆయనే అడిగారు.

చూస్తే నా పేరుంది, పక్కన ఎర్ర సిరాతో గీత. నెలకు యాభై చొప్పున 26 నెలల చందా బాకీ. ఓటు లేదు, సమావేశంలో మాట్లాడే హక్కూ లేదు. అక్కడే 1,300 కట్టి రసీదు తీసుకున్నాను. గుమ్మడికాయ కన్నా చవకే పడింది. మా వీధిలో ఇంకో పదకొండు మందికి అదే ఎర్ర గీత. వాళ్లనూ తీసుకెళ్లి కట్టించాను. ఇద్దరు మాత్రం పేరు_వద్దు గారు రాసిన కారణం వల్లే రాలేదు, నేను బలవంతపెట్టలేదు.

లెటర్ ఇచ్చాం, పది సంతకాలతో. కోశాధికారి మొదట తీసుకోలేదు. స్పీడ్ పోస్టు రసీదు చూపించాక మాట మారింది. పోయిన ఆదివారం ఆరాధన తర్వాత బాకీ లిస్టు చదివారు. పాడుకుని కట్టనివాళ్లవి 23,000. మిగతా 18,000 షామియానాకు, జనరేటర్‌కు చేతి నుంచే ఇచ్చేశారట, ఓచర్లు లేవట. అది నిజమో కాదో నాకిప్పటికీ తెలియదు. వచ్చే ఏడాది వేలం బల్ల దగ్గర కమిటీలో లేని ఇద్దరు సభ్యులు కూర్చుని రాయాలని తీర్మానం మాత్రం మినిట్స్‌లోకి ఎక్కింది. ఒకరు రూతు అత్తయ్యలాంటి ఆవిడ, ఇంకొకరు మా తమ్ముడు, వాడి నోట్‌బుక్ ఎలాగూ ఉంది కదా.

గ్రూపులో ఇంకా చేర్చుకోలేదు.

లెక్కల_మాస్టారు
ఆ మినిట్స్ కాపీ తీసుకున్నావా?

తోతాపురి_చిత్తూరు
ఫొటో తీశాను మాస్టారూ. సంతకాల పేజీతో సహా.

పుత్తూరు_కట్టు
ఆ 23,000 బాకీలో పెద్ద చెయ్యి ఎవరిదో?

తోతాపురి_చిత్తూరు
అదే చెప్పకుండా వెళ్లిపోదామనుకున్నా. మేకపోతు, 9,500. పాడింది మా మామ. నేను ఆయన పక్కనే కూర్చుని ఉండగా అందరి ముందు చదివారు.

పలమనేరు_పాలు
మేకపోతును వెనక్కి ఇచ్చేయమనండి.

తోతాపురి_చిత్తూరు
పండుగ మరుసటి రోజే కోశారు. నేనూ రెండుసార్లు వడ్డించుకున్నా.